ప్రోటాన్ ఎక్కడ ఆగుద్ది? (మీ ప్రశ్నలు, నా జవాబులు)

పోయిన నెల రేడియేషన్ గురించి రాస్తూ చివర్లో ప్రోటాన్ థెరపీ అని ఒక రెండు లైన్లు పడేశాను అంతే, ఇక చూస్కోండి, ఉత్తరాలూ మెయిళ్ళూ వాట్సాప్‌లూ అన్నీ దాని మీదే. అందుకని ఈసారి పేజీ మొత్తం దానికే ఇచ్చేశాం. పేర్లు వెయ్యొద్దన్నారు చాలామంది, ఊళ్ళ పేర్లు మాత్రం వేస్తున్నా.

గుంటూరు నుంచి ఒక అక్క: మా తమ్ముడి కూతురికి తొమ్మిదేళ్ళు. మెదడులో గడ్డ, ఆపరేషన్ అయింది, ఇప్పుడు ప్రోటాన్ ఇస్తామన్నారు. మొహానికి మాస్క్ చేశారు, సీటీ తీశారు, ఇక లెక్కలు వెయ్యాలి పది రోజులు ఆగి రండి అన్నారు. మిషన్ ఉంది, పిల్ల ఉంది, డబ్బు కట్టేశాం. పది రోజులు ఏం లెక్కలు సార్ అవి?

అక్కా, ముందు మీ భయం సంగతి. ఈ పది రోజుల్లో ఏమన్నా అవుద్దా అన్నది పాపని చూస్తున్న డాక్టరుగారే చెప్పాలి, వెళ్ళి మొహమాటం లేకుండా అడగండి. నేను డాక్టర్ని కాదు, ఆ లెక్కలేసే బ్యాచ్‌లో మనిషిని, మెడికల్ ఫిజిసిస్ట్ అంటారు మమ్మల్ని, ఆసుపత్రిలో బేస్‌మెంట్‌లో కంప్యూటర్ల ముందు కూచుని ఉంటాం, పేషెంట్లకి మా మొహాలు కూడా తెలీవు. కాబట్టి లెక్కలేంటో మాత్రం నేను చెప్తా.

మామూలు రేడియేషన్ అంటే ఎక్స్‌రేలే, కాకపోతే బాగా ఘాటువి. అవి ఒంట్లోకి పోయి గడ్డకి తగిలి అవతలి పక్క నుంచి బైటికి కూడా పోతాయి, దారిపొడుగునా అందరికీ తలా కాస్త పంచుకుంటూ. ప్రోటాన్ (అణువు నడిబొడ్డున ఉండే కణం) ఒక లోతు దాకా పోయి అక్కడ ఆగిపోద్ది. ఎట్లాగంటే మన ఆర్టీసీ బస్సు అనుకోండి, హైవే మీద సూపర్ లగ్జరీలా దూసుకుపోతున్నంతసేపు మధ్య ఊళ్ళల్లో పెద్దగా ఎవర్నీ దింపదు, స్పీడ్ తగ్గేకొద్దీ పల్లెవెలుగు అయిపోయి ప్రతి స్టాపులో దింపుకుంటా పోద్ది, ఆఖరి స్టాపులో బస్సంతా ఖాళీ. దిగే జనం అంటే ప్రోటాన్ దారిలో వదిలే శక్తి అన్నమాట. ఆ ఆఖరి స్టాపుని మేం బ్రాగ్ పీక్ అంటాం. 1904లో ఆస్ట్రేలియా అడిలైడ్‌లో విలియం హెన్రీ బ్రాగ్ అనే ఆయన ఆల్ఫా కణాలతో ప్రయోగాలు చేస్తుంటే కనబడింది ఇది. దీంతో కేన్సర్‌కి వైద్యం చెయ్యొచ్చు కదా అని 1946లో పేపర్ రాసింది రాబర్ట్ విల్సన్, అంతకుముందే అమెరికా వాళ్ళ అణుబాంబు ప్రాజెక్టులో పనిచేసొచ్చిన మనిషి. 1954లో బర్క్లీలో మొదటి పేషెంట్లకి ఇచ్చారు.

బస్సు ఎంత దూరం పోవాలో డీజిల్‌ని బట్టి ఉన్నట్టు ప్రోటాన్ ఎంత లోతుకి పోవాలో దాని ఎనర్జీని బట్టి ఉంటది. 70 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు ఇస్తే నీళ్ళలో 4 సెంటీమీటర్లు, 150 ఇస్తే దగ్గర దగ్గర 16, 230 ఇస్తే 33. నీళ్ళలో అయితే ఈ లెక్క మహా అయితే ఒక మిల్లీమీటర్ తేడాతో వచ్చేస్తది. కానీ మీ పాప తలలో ఉన్నది నీళ్ళు కాదు కదా అక్కా, ఎముక ఉంది, మెదడు ఉంది, ఆపరేషన్ చేసిన చోట ఖాళీలో ద్రవం ఉంది, ముక్కు వెనకాల గాలి ఉంది. ఎముకలో త్వరగా ఆగుద్ది, గాలిలో ఆగనే ఆగదు. అందుకే ఆ సీటీ.

ఇక్కడే ఉంది అసలు తిరకాసు. సీటీ స్కాన్ తీసేది ఎక్స్‌రేలతో. ఎక్స్‌రేలు ఎక్కడ ఎంత తగ్గాయో అది చెప్తది. మాకు కావాల్సిందేమో ప్రోటాన్ ఎక్కడ ఎంత తగ్గుద్దో. అంటే ఆటో అబ్బాయిని అడిగి తెలుసుకున్న రోడ్ల సంగతితో బస్సు టైము లెక్కకట్టినట్టు! ఒకదాన్నుంచి ఒకదానికి మార్చే టేబుల్ ఉంది, 1996లో స్విట్జర్లాండ్‌లో పాల్ షెరర్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు చూపించిన పద్ధతి ఇప్పటికీ అందరికీ ఆధారం, అయినా పూర్తిగా కుదరదు. ఎంత కుదరదంటే చాలా సెంటర్లలో లోతులో 3.5 శాతం, దానిపైన ఇంకో 3 మిల్లీమీటర్లు తప్పు ఉండొచ్చు అని ముందే ఒప్పుకుని ప్లాన్ వేస్తారు. కొందరు 3 బదులు 1 మిల్లీమీటర్ పెట్టుకుంటారు. 10 సెంటీమీటర్ల లోతున్న గడ్డకి లెక్కేయండి, మూడున్నరా మూడూ ఆరున్నర మిల్లీమీటర్లు. చిటికెన వేలు గోరంత. గడ్డ మిస్ కాకూడదని ఆ గోరంత ఎక్కువ కొడతాం, కొట్టిన ఆ గోరంతలో బ్రెయిన్ స్టెమ్ ఉంటే? ఊపిరి, మింగటం అన్నీ దాని చేతిలోనే ఉంటాయి. మాకు నిద్ర పట్టనిది దాని గురించే.

అందుకని ఆ పది రోజుల్లో ఏం చేస్తారంటే, ముందు డాక్టరుగారు సీటీలో ఒక్కో స్లైస్ మీద గడ్డ ఎక్కడ, కళ్ళ నరం ఎక్కడ, స్టెమ్ ఎక్కడ అని గీతలు గీస్తారు, ఎంఆర్‌ఐ పక్కన పెట్టుకుని. తర్వాత మేం ఆ గడ్డని పొరలు పొరలుగా కోసినట్టు అనుకుని ఒక్కో పొరకి ఒక్కో ఎనర్జీ, ఒక్కో పొరలో వందల చుక్కలు, మొత్తం వేల చుక్కలు, ఒక్కో చుక్కకి ఎన్ని ప్రోటాన్లు పంపాలి అని కంప్యూటర్‌తో తేలుస్తాం. తేల్చాక అది ఒకసారి చూస్తే చాలదు, పాప 3 మిల్లీమీటర్లు ఎడమకి జరిగి ఉంటే, కుడికి జరిగి ఉంటే, పైకి, కిందికి, బీమ్ (అంటే ప్రోటాన్ల ధార) 3.5 శాతం ఎక్కువ దూరం పోతే, తక్కువ పోతే, ఇట్లా పది ఇరవై రకాల చెడ్డరోజుల్ని ఊహించి అన్నిట్లోనూ గడ్డకి డోస్ అందుతుందా స్టెమ్ బతుకుతుందా అని చూస్తాం. కుదరకపోతే మళ్ళీ మొదట్నించి. కుదిరాక పాప లేకుండా అదే ప్లాన్‌ని నీళ్ళలోనో ప్లాస్టిక్ దిమ్మ మీదో కొట్టి లెక్కా కొలతా కలిశాయా చూస్తాం. మిషన్ ఖాళీగా ఉన్నట్టు మీకు కనిపించిన టైములో, ముఖ్యంగా రాత్రిళ్ళు, అక్కడ జరిగేది ఇదే. పిల్లల విషయంలో ప్రోటాన్ ఎందుకు మంచిదో మీ డాక్టర్లు చెప్పే ఉంటారు, పెరిగే మెదడుకి అనవసరంగా తగిలే డోస్ తగ్గుద్ది. ఆ మంచి అంతా ఈ లెక్క మీదే నిలబడి ఉంది, వెయ్యనివ్వండి.

నిజామాబాద్ నుంచి: మా అబ్బాయి డిశ్చార్జ్ కాగితంలో 54 గ్రే అని రాసి పక్కన బ్రాకెట్‌లో ఆర్‌బీఈ అని ఉంది. నెట్‌లో వెతికితే ప్రోటాన్ డోస్ పది శాతం తక్కువ ఇస్తారని ఉంది. మాకు తక్కువ ఇచ్చారా?

తక్కువ ఇవ్వలేదు, లెక్కగానే ఇచ్చారు. గ్రే అంటే కిలో కండకి ఒక జౌల్ శక్తి. ఇది ఎంత చిన్నదంటే ఒక గ్రేతో నీళ్ళు వేడెక్కేది డిగ్రీలో నాలుగువేలో వంతు, చాయ్ కప్పు పక్కన పెడితే నవ్వొస్తది, అయినా కణం లోపల డీఎన్‌ఏని తెంచేస్తది. ఇప్పుడు అదే ఒక గ్రే ప్రోటాన్ల రూపంలో ఇస్తే ఎక్స్‌రేల కంటే దెబ్బ కాస్త గట్టిగా తగులుద్ది, పది శాతం ఎక్కువ అని ఒప్పుకున్నారు, 1.1 అన్నమాట. అదే ఆర్‌బీఈ. మీవాడికి నిజంగా పడ్డది 49 గ్రే చిల్లర, దాన్ని 1.1తో గుణిస్తే 54 అయింది. ఎక్స్‌రేలతో 54 ఇచ్చినంత పని చేసిందని అర్థం.

అయితే ఒక మాట దాచకుండా చెప్పాలి, ఈ 1.1 అన్నది అందరూ కూచుని ఒప్పుకున్న నంబర్, 2007లో రేడియేషన్ కొలతల అంతర్జాతీయ కమిషన్ రిపోర్టులో కూడా అదే పెట్టారు. ల్యాబుల్లో కణాల మీద కొలిచినవన్నీ కలిపి 2014లో బోస్టన్‌లో హరాల్డ్ పగనెట్టి అనే ఫిజిసిస్ట్ వేసిన లెక్క ప్రకారం లోపలికి పోయేచోట 1.1, గడ్డ మధ్యలో 1.15, ఆగిపోయే అంచులో 1.35, అంచు దాటి పడిపోయే చోట 1.7 దాకా ఉంది. అంటే ఆఖరి స్టాపులో దిగే జనం కాస్త కోపం మీద దిగుతారు. అందుకే బుద్ధున్న ప్లానర్ ఎవరూ బీమ్‌ల ఆఖరి అంచులన్నిటినీ తీసుకెళ్ళి స్టెమ్ మీద ఆపడు. ఇప్పుడు రీసెర్చ్‌లో పెద్ద గొడవ ఇదే, ఒకటే నంబర్ వాడదామా, చోటుని బట్టి మారుద్దామా అని. మారుద్దామంటే పేషెంట్ల నుంచి వచ్చే ఆధారం ల్యాబ్ ఆధారమంత గట్టిగా లేదు. నా ఓటు మధ్యలో ఉంది, రాసే డోస్ 1.1తోనే రాయండి, కానీ అంచులు ఎక్కడ పడుతున్నాయో మాత్రం వేరే మ్యాప్ వేసి చూసుకోండి అంటాను.

ప్రోటాన్ల బదులు వాటికంటే బరువైన కార్బన్ అయాన్లు కొట్టే వైద్యం కూడా ఉంది, వాటి దగ్గరికొస్తే ఇంకా చిత్రం. జపాన్ చీబాలో 1994 నుంచి ఇస్తున్నారు, జర్మనీ హైడెల్‌బర్గ్‌లో 2009 నుంచి. అక్కడ ఆర్‌బీఈ రెండు మూడు దాకా పోద్ది, దాన్ని లెక్కకట్టే మోడల్ జపాన్ వాళ్ళది వేరు జర్మనీ వాళ్ళది వేరు, కాబట్టి రెండుచోట్ల కాగితం మీద అదే అంకె ఉన్నా పేషెంట్‌కి పడ్డ డోస్ ఒకటి కాదు. రెండు సంతల్లో రెండు తూకాలు.

వరంగల్ నుంచి బీటెక్ మూడో ఏడాది కుర్రాడు: సార్, ఛార్జ్ ఉన్న కణం ఎంత శక్తి కోల్పోద్దో చెప్పే బేతే ఫార్ములా ఉంది కదా, అందులో నంబర్లు వేస్తే డోస్ వచ్చేస్తది. మరి మాంటే కార్లో అని గంటలు గంటలు కంప్యూటర్లు ఎందుకు నడుపుతారు? ఈ ఫీల్డ్‌లోకి రావాలంటే ఏం చదవాలి?

తమ్ముడూ, ప్రశ్న బాగుంది. బేతే ఫార్ములా ఒక ప్రోటాన్ సగటున ఎంత కోల్పోద్దో చెప్తది, నిజమే. కానీ అందులో కూడా ఐ వాల్యూ అని ఒక నంబర్ ఉందా, ఆ పదార్థంలో ఎలక్ట్రాన్లని కదిలించడానికి సగటున ఎంత కావాలి అని, నీళ్ళకి పైన చెప్పిన కమిషన్ 1993 రిపోర్టులో అది 75 ఎలక్ట్రాన్ వోల్టులు, 2016 రిపోర్టులో 78 చేశారు. నీళ్ళకే! దానివల్ల వచ్చే తేడా అర శాతం, 20 సెంటీమీటర్ల లోతులో ఒక మిల్లీమీటర్. ఇక కొవ్వూ కండా ఎముకా సంగతి నువ్వే ఊహించుకో.

రెండోది, ప్రోటాన్ తిన్నగా పోదు. న్యూక్లియస్‌ల పక్కనించి పోయినప్పుడల్లా ఇంచుక వంగుద్ది, వేల సార్లు వంగి బీమ్ వెడల్పవుద్ది. పైగా ప్రతి సెంటీమీటర్‌కి సుమారు ఒక శాతం ప్రోటాన్లు నేరుగా న్యూక్లియస్‌కే గుద్దుకుని దారిలోనే పోతాయి, వాటి ముక్కలు ఇంకెటో. దీన్నంతా త్వరగా లెక్కెయ్యడానికి పెన్సిల్ బీమ్ అనే పద్ధతి ఉంది, ఒక్కో సన్న బీమ్‌కి నడిమధ్య గీత మీద ఏముందో చూసి, పక్కలంతా కూడా అదే ఉందనుకుని లెక్కకట్టేస్తది. తల పైభాగంలో, కాలేయంలో ఇది బానే పనిచేస్తది. ఊపిరితిత్తిలో పెడితే బోర్లా పడుద్ది, ఎందుకంటే సగం బీమ్ పక్కటెముకలోంచి సగం గాలిలోంచి పోతుంటే మధ్య గీతకి ఏం తెలుసు? ఊపిరితిత్తి సాంద్రత నీళ్ళలో పావు వంతు, కాబట్టి నీళ్ళలో 3 మిల్లీమీటర్ల తప్పు అక్కడ 12 అయి కూచుంటది. గడ్డకి డోస్ సరిపోయింది అని కాగితం చెప్తది, నిజంగా అది తక్కువే పడి ఉంటది. నేను కొత్తగా చేరినప్పుడు ఒక ప్లాన్‌ని రెండు పద్ధతుల్లోనూ వేసి పక్కపక్కన పెట్టి చూసి, ఇన్నాళ్ళూ దీన్నేనా నమ్మింది అని కాసేపు కుర్చీలోంచి లేవలేదు.

మాంటే కార్లో అంటే ప్రోటాన్‌ని ఒక్కొక్కదాన్నే పట్టుకుని వైకుంఠపాళి ఆడించడం. ఈ అడుగులో ఎంత వంగాలి, ఎంత శక్తి పోగొట్టుకోవాలి, గుద్దుకోవాలా వద్దా, అన్నీ పాచికలేసి తేల్చడం, పాచికలు మాత్రం ఫిజిక్స్ చెప్పినట్టే పడతాయి. యుద్ధం అయిపోయాక లాస్ అలమోస్‌లో ఉలామ్, ఫాన్ నాయ్‌మన్ మొదలుపెట్టారు, పేరేమో మొనాకోలో జూదగృహం నుంచి వచ్చింది. పైన చెప్పిన విల్సన్ ఉన్నాడే, ఆయన 1952లో ఎలక్ట్రాన్ల షవర్ల (ఒక కణం గుద్దుకుని కణాల జల్లు పుట్టడం) మీద మాంటే కార్లో చేసింది కంప్యూటర్ లేకుండా, గ్రాఫ్ చుట్టిన సిలిండర్‌ని చేత్తో తిప్పి! ప్రోటాన్ వైద్యం ఆలోచించిందీ ఆయనే, ఇప్పుడు దానికి దిక్కైన పద్ధతిని చేత్తో ఆడిందీ ఆయనే. నాకు ఈ ముచ్చట భలే ఇష్టం, ఎవరు దొరికినా చెప్తుంటా.

చిక్కేంటంటే పాచికల లెక్క నెమ్మది. తప్పు సగానికి తగ్గాలంటే నాలుగింతలు ప్రోటాన్లు, పదో వంతుకి తగ్గాలంటే వందింతలు. లీటరంత గడ్డకి 2 గ్రే ఇవ్వడానికి నిజంగా పోయే ప్రోటాన్లు పదివేల కోట్ల పైమాటే, మనం కంప్యూటర్‌లో ఆడించగలిగేది లక్షలూ కోట్లే. ఒకప్పుడు దీనికి రాత్రంతా పట్టేది. వీడియో గేముల కోసం చేసిన గ్రాఫిక్స్ కార్డుల పుణ్యమా అని ఇప్పుడు నిమిషాల్లోకి, కొన్ని సెకన్లలోకి వచ్చింది. దానిపైన ఏఐ వచ్చింది, తక్కువ ప్రోటాన్లతో వేసిన చుక్కలు చుక్కల బొమ్మని చూసి నున్నటి బొమ్మ ఇచ్చేస్తది. బాగానే ఉంది కానీ అది ఎప్పుడూ చూడని పేషెంట్ వచ్చినప్పుడు అంతే ధీమాగా తప్పు చెప్తదేమోనని నాకు జంకు, పక్కన ఒక అసలు మాంటే కార్లో నడవాల్సిందే అంటాను.

ఏం చదవాలంటే, ఇంజనీరింగ్ అయ్యాక నేరుగా ఆసుపత్రిలో ఫిజిసిస్ట్ అవ్వడం కుదరదు, దానికి ఫిజిక్స్ దారిలో రావాలి, ముంబైలో బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) వాళ్ళ రేడియలాజికల్ ఫిజిక్స్ డిప్లొమా పేరున్నది. కోడ్ రాసే రీసెర్చ్ పక్కకి మాత్రం మీలాంటి వాళ్ళు చాలామంది కావాలి. యూరప్ ఫిజిక్స్ ల్యాబ్ సెర్న్ నుంచి వచ్చిన జియాంట్4 అనే మాంటే కార్లో సాఫ్ట్‌వేర్ ఫ్రీగా దొరుకుద్ది కానీ మొదటి నెల ఏడిపిస్తది. హైడెల్‌బర్గ్ వాళ్ళ మాట్‌రాడ్ అని ప్లాన్లు వేసే సాఫ్ట్‌వేర్ ఉంది, మ్యాట్‌ల్యాబ్‌లో నడిచేది, అదీ ఫ్రీయే, దాంతో మొదలెట్టు. నీళ్ళ డబ్బా మీద ఒక బీమ్ కొట్టు, మధ్యలో ఒక గాలి పెట్టె పెట్టి మళ్ళీ కొట్టు, రెండు గ్రాఫులూ పక్కపక్కన చూడు.

రాజమండ్రి నుంచి రిటైర్డ్ మాస్టారు: వయసు 71. ప్రోస్టేట్ కేన్సర్, తొలి దశ. మామూలు లినాక్‌తో (ఎక్స్‌రేలిచ్చే మిషన్) చేయించుకోమని ఇక్కడి డాక్టరు, ఆస్తి అమ్మైనా ప్రోటాన్ చేయిద్దామని మా అబ్బాయి. ప్రోటాన్ గడ్డలోనే ఆగిపోతుంది కనుక వెనకనున్న మలాశయానికి ఏమీ తగలదు కదా?

మాస్టారూ, మీరు లెక్కల మాస్టారై ఉంటారని నా అనుమానం, తర్కం అంత చక్కగా ఉంది. దాని ప్రకారం బీమ్‌ని ముందు నుంచి కొట్టి ప్రోస్టేట్‌లో ఆపేయాలి, వెనకున్న మలాశయం క్షేమం. కానీ మామూలుగా మేం అలా కొట్టం. తుంటి రెండు పక్కల నుంచి, ఎముకలోంచి, అంత దూరం పోనిచ్చి కొడతాం. ఎందుకంటే ముందు నుంచి వస్తే మధ్యలో మూత్రాశయం, అది ఇవాళ ఒకలా నిండుద్ది రేపు ఒకలా, దానికితోడు ఆ 3.5 శాతం. ఆగుద్ది అనుకున్న బీమ్ ఇంకో అర సెంటీమీటర్ పోతే పడేది సరిగ్గా మలాశయం మీదే. కాబట్టి ప్రోటాన్‌కి ఉన్న గొప్ప గుణాన్నే ఆ వైపు మేం నమ్మలేక, బీమ్ పక్క అంచుతో సరిపెట్టుకుంటున్నాం. లోతు లెక్క ఇంకా కచ్చితమైన రోజున ముందు నుంచి కొట్టొచ్చు, అందుకే రెండు ఎనర్జీల సీటీ అనీ, ప్రోటాన్లు దూరినప్పుడు ఒంట్లోంచి వచ్చే గామా కిరణాలని కెమెరాతో పట్టి ఎక్కడ ఆగిందో చూడటం అనీ (జర్మనీ డ్రెస్డెన్‌లో 2015లో పేషెంట్ మీద చేసి చూపించారు) ఇన్ని తంటాలు.

డబ్బు సంగతి. అమెరికాలో 450 మంది ప్రోస్టేట్ పేషెంట్లని చీటీ వేసినట్టు రెండుగా విడదీసి సగానికి ప్రోటాన్, సగానికి మంచి ఎక్స్‌రే పద్ధతి ఇచ్చి చూశారు, 2024లో ఫలితం చెప్పారు, పేగు ఇబ్బందుల్లో తేడా కనబడలేదు, రెండు గుంపులూ బాగానే ఉన్నారు. మన దేశంలో చెన్నై అపోలోలో 2019 నుంచి, నవీ ముంబై ఖార్ఘర్‌లో టాటా మెమోరియల్ వాళ్ళ దగ్గర 2023 నుంచి ప్రోటాన్ ఉంది, ఉన్న ఆ కొన్ని గదులూ ముందు గుంటూరు పాపలాంటి వాళ్ళకి దక్కాలని నా స్వార్థం. మీ అబ్బాయికి ఈ పేజీ చూపించండి, పొలం అమ్మొద్దని నేనన్నానని చెప్పండి.

డల్లాస్ నుంచి: ఒక్క సెకనులో కేన్సర్ మాయం అని ఫ్లాష్ థెరపీ వీడియో తిరుగుతోంది, నిజమేనా?

సెకనుకి 40 గ్రే పైన, అంటే మామూలు కంటే వందల రెట్లు స్పీడుగా డోస్ ఇస్తే మంచి కణాలకి దెబ్బ తక్కువ, గడ్డకి మాత్రం అంతే అని 2014లో ఎలుకల మీద చూశారు అన్నా, అది నిజం. మనుషుల్లో 2020లో మొదలుపెట్టి అమెరికా సిన్సినాటిలో పదిమందికి ప్రోటాన్లతో చేశారు, చేతులూ కాళ్ళ ఎముకల్లోకి పాకిన కేన్సర్‌లో నొప్పి తగ్గించడానికి, ఒక్కసారికి 8 గ్రే. చెయ్యగలం అని తెలిసింది, మాయం అవడం ఎవరూ చూడలేదు. మాకేమో ఇంకో తలనొప్పి, ఇన్నాళ్ళూ ఎంత డోస్ అని లెక్కేస్తే చాలు, ఇప్పుడు ఎంత స్పీడుగా అని కూడా ప్రతి చుక్కకీ లెక్కెయ్యాలి, స్పీడుని ఎట్లా నిర్వచించాలో కూడా ఇంకా అందరూ ఒక మాట మీద లేరు.

నెల్లూరు నుంచి: నాన్నగారికి ముక్కు వెనకాల గడ్డకి ప్రోటాన్ నడుస్తోంది. మూడో వారంలో మళ్ళీ సీటీ తీస్తామంటున్నారు. డబ్బులకోసమా?

కాదమ్మా. నేను పనిచేసిన ఒకచోట ఇలాంటి పేషెంట్‌కి ప్లానింగ్ సీటీ రోజు భారీ జలుబు, సైనస్‌లన్నీ చీమిడితో నిండి ఉన్నాయి, మేం చూసుకోకుండా ఆ చీమిడిలోంచి పోయేట్టే లెక్కేశాం. రెండు వారాలకి జలుబు తగ్గిపోయింది, అక్కడంతా గాలి! చీమిడిలో రెండు సెంటీమీటర్లు పోవాల్సిన బీమ్‌కి అడ్డమే లేదు, ఆ రెండు సెంటీమీటర్లూ అవతల ముందుకి పోద్ది. మళ్ళీ తీసిన సీటీలో దొరికింది కాబట్టి ప్లాన్ మార్చాం. బరువు తగ్గినా, బుగ్గలు లోపలికి పోయినా, గడ్డ కరిగినా ఇదే కథ. తియ్యనివ్వండి. నాన్నగారికి కొత్తగా పన్ను ఫిల్లింగ్ పెట్టించినా, జలుబు చేసినా, చేసిన జలుబు తగ్గినా మర్నాడు పొద్దున బల్ల ఎక్కేముందే అక్కడున్న టెక్నీషియన్‌కి చెప్పెయ్యండి.